విశ్వకద్రువు: కావ్యములందు వేఁటజాగిలము

నామలింగానుశాసనమున ద్వితీయకాండమునందలి శూద్రవర్గమును జదువువారు వ్యాధుని పేళ్లు ముగిసిన తోడనే కుక్క పేళ్లారంభమగుటను జూతురు. కౌలేయకము, సారమేయము, కుక్కురము, మృగదంశకము, శునకము, భషకము, శ్వ అను నేడు పేళ్లను సామాన్యముగాఁ జెప్పి, వెఱ్ఱిపట్టినదానికి అలర్క మను పేరు వేఱుగా నిచ్చి, పిదప అమరసింహుఁడు వేఁటకుక్కను మాత్రము ప్రత్యేకించి విశ్వకద్రు వనియెను. దాని కాతఁడొసఁగిన లక్షణ మొక్కమాట. అది మృగయయందుఁ గుశలమైనది. బలిష్ఠమైన దనలేదు; వేగము గల దనలేదు; క్రూరమైన దనలేదు. కుశలశబ్దమునకు దర్భలను గోసి తెచ్చువాఁ డని యవయవార్థము. దర్భ యంచు కత్తివంటిది. చేయి తెగకుండ, పనికిరాని గడ్డి కలియకుండ దానిని దెచ్చుటకు నేర్పును వివేకమును గావలెను. ఆ శబ్దము పనియందు దక్షుఁ డను నర్థమున రూఢమైన దని మమ్మటుఁడు కావ్యప్రకాశ ద్వితీయోల్లాసమున నుదాహరించెను. విశ్వనాథుఁ డా యుదాహరణము నొప్పుకొనలేదు గాని యా కలహ మిచట నక్కఱలేదు. కోశకారుఁడు వేఁటకుక్కకు వివేకమును గుణముగాఁ జెప్పె ననుటయే యిచటఁ గావలసినది.

ఈ వివేక మెట్టిది, దానిని మన కవులలో నెవ్వ రెఱిఁగి వ్రాసిరి, ఎవ్వ రెఱుఁగక వ్రాసిరి అను విచారమునకు నేఁ డొక ప్రయోజనము కలదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చిన పిమ్మట వేఁట నేరమైనది. అది యుచితమే. కాని దానితోడ వేఁటజాగిలము పని చేయుచుండఁగా జూచు నవకాశము చదువరికిఁ బోయినది. ఇఁక నది కావ్యములందును శాసనములందును మాత్రమే మృగమును వెంటాడవలసియున్నది. పాఠశాలలలో జాగిల మనఁగా నొకవిధమైన కుక్క యని యర్థము చెప్పి ముందునకుఁ బోవుట వాడుక యైనది. అట్లు చెప్పినచో మృగయావర్ణన మంతయు నొక్కటే రంగు పూసిన గోడవలెఁ గనఁబడును. చూచి వ్రాసినవాఁ డెవఁడో విని వ్రాసినవాఁ డెవఁడో తెలియదు.

వ్యాకరణము నడిగినచో నది మూఁడు సంగతులు చెప్పును. మొదటిది వంశము. పాణిని చతుర్థాధ్యాయ ద్వితీయపాదమున 96వ సూత్రమున కుల, కుక్షి, గ్రీవా శబ్దములకుఁ గ్రమముగా కుక్క, ఖడ్గము, అలంకారము అను నర్థములు తోఁచునపుడు ఢకఞ్ ప్రత్యయమును విధించెను. కులమునఁ బుట్టిన కుక్క కౌలేయకము. కుక్షిని వ్రేలాడు కత్తి కౌక్షేయకము. మెడయందలి నగ గ్రైవేయకము. పాణినినాఁటికే కుక్కను వంశముఁ బట్టి యెన్నుట లోకమునఁ గలదు గనుకనే యీ శబ్దము ప్రత్యేకవిధి నపేక్షించినది. అపత్యార్థమునందు మనుష్యునికిఁ గూడ కౌలేయకరూపము వేఱొక సూత్రముచే సిద్ధించును. సత్కులజాతుని కౌలేయకుఁ డనుట శాస్త్రసమ్మతమే. అయినను సభలో నట్లు పిలుచువాఁడు సాహసికుఁడు.

రెండవ సంగతియు మూఁడవ సంగతియు పంచమాధ్యాయాంతపాదమున 96వ సూత్రమునఁ గలవు. అతిశబ్దమునకుఁ బరమైన శ్వన్ శబ్దము గల తత్పురుషమునకు టచ్చు వచ్చి అతిశ్వ మను రూప మగును. కుక్కను మించిన దని యర్థము. కాశికాకారులు దీనికి మూఁ డుదాహరణము లిచ్చిరి. కుక్కను మించిన వరాహము: అనఁగా గొప్పవేగము గలది. కుక్కను మించిన సేవకుఁడు: అనఁగా మిక్కిలి స్వామిభక్తి గలవాఁడు. కుక్కను మించిన సేవ: అనఁగా మిక్కిలి నీచమైనది. ఒక్క జంతువు మూఁడు కొలతలకుఁ గొలబద్ద యైనది. వానిలో మూఁడవది కుక్క దోషము కాదు, కొలుచువాని దోషము. ఏలయన, రెండవయుదాహరణమున మెచ్చఁబడిన గుణమే మూఁడవదానఁ దిట్టఁబడినది. భక్తిని బయటినుండి చూచువాఁడు దానిని దాస్య మనును. ఈ ముడి ముందు మఱల విప్పవలసియుండును.

వ్యాకరణము చెప్పినవి వంశము, వేగము, భక్తి. ముక్కునుగూర్చి యది చెప్పలేదు. దానిని జెప్పినవాఁడు జ్యోతిషికుఁడు. 6వ శతాబ్దివాఁడైన వరాహమిహిరుఁడు బృహత్సంహితలో గోలక్షణమును, అశ్వలక్షణమును, గజలక్షణమును జెప్పినట్లే శ్వలక్షణమునుగూడ నొక చిన్న యధ్యాయముగాఁ జెప్పెను. మూఁడు కాళ్లకు నైదేసి గోళ్లును కుడి ముందుకాలికి నాఱు గోళ్లును, ఎఱ్ఱని పెదవులు, ఎఱ్ఱని ముక్కుకొన, సింహమువంటి నడక, జూలు గల తోఁక, ఎలుఁగువంటి చూపు, వ్రేలాడు మెత్తని చెవులు గలిగి, నేలను మూర్కొనుచు నడచు కుక్క తన్నుఁ బోషించువానికి శీఘ్రముగా సంపద నిచ్చు నని యాతని మతము. ఈ లక్షణములలో గోళ్లలెక్క శకునము. నడకయుఁ జూపును ఉపమలు. నేలను మూర్కొనుచు నడచుట యొక్కటి మాత్రము క్రియ. వైయాకరణులు వాక్యార్థమున క్రియ ప్రధాన మందురు. నైయాయికులు ప్రథమాంతము ప్రధాన మందురు. వరాహమిహిరుని శ్లోకమున నెనిమిది ప్రథమాంతముల నడుమ నా యొక్క క్రియ లేకున్నచో నది బొమ్మకుక్క లక్షణమై యుండును. వ్రేలాడు చెవులనుగూడఁ గొంత గ్రహింపవచ్చును. నేఁటికిని లోకమున వాసనపట్టి తఱుము జాతులకుఁ జెవులు వ్రేలాడుచుండును; చూపుపట్టి తఱుము జాతులకు దేహము సన్నమై కాళ్లు పొడవై యుండును. బాగలకోట ప్రాంతపు ముధోలు కుక్క రెండవజాతిది. మిహిరుఁడు మొదటిజాతిని జూచినవాఁడు కావలెను.

తెలుఁగుభాష యీ విషయమునఁ గోశములకంటె గట్టి సాక్షి. పసి యనఁగా వాసన. పసిగట్టుట వేఁటకుక్క పని. అడవి మొగ మెఱుఁగని పట్టణవాసియు నేఁడు, ఫలానివాఁ డా రహస్యమును బసిగట్టె నని చెప్పుచున్నాఁడు. తా నొక జాగిలమును స్మరించుచున్నట్లు వాఁ డెఱుఁగఁడు. జాడ దీయుట, వెన్నాడుట, ఉసికొల్పుట అను మాటలును వేఁటచోటినుండి వీథికి వచ్చినవే. జాగిలశబ్దమునకే యొక చిత్రమైన గతి పట్టినది. వేఁట పోయినను ఆ శబ్దము చావలేదు. దొంగతనము జరిగిన యింటికి రక్షకభటులు తెచ్చు కుక్కను వార్తాపత్రికలు జాగిల మనియే వ్రాయుచున్నవి. దానిని గ్రామసింహ మని యెవ్వరును వ్రాయరు. వాసన పట్టుటయే జాగిలత్వ మని లోకము నిర్ణయించుకొన్నది. పండితుఁడు పాఠమున నీ యొక్క వాడుకను జూపినచో విద్యార్థి కర్థము వెంటనే నాటును.

వాసన పట్టి జాడ దీసిన మొదటి జాగిలము ఋగ్వేదమున దశమమండలమునందలి 108వ సూక్తమునఁ గలదు. అది దేవశుని యైన సరమ. పణులు దాఁచిన గోవులను వెదకుచు నది రసానదిని దాఁటి చాలదూరము పోయి వారి నిలయమును గనుఁగొన్నది. పణులు దానిని జెల్లెలుగాఁ జేసికొందు మనిరి, గోవులలోఁ బాలిత్తు మనిరి. అది యంగీకరింపలేదు. దూరము నడుచుట, నదిని దాఁటుట, కనుఁగొనుట, ఎఱకు లోఁబడకుండుట: వేఁటకుక్కకు వలసిన పనులన్నియు నా సంవాదమునం దున్నవి, దేహవర్ణన మొక్కటియు లేదు. బృహద్దేవతలో నీ కథ మాఱినది. అచట సరమ పణుల పాలు త్రాగి, యింద్రుని యొద్దకు వచ్చి గోవులను జూడలేదని బొంకును. ఇంద్రుఁడు దన్నఁగాఁ బాలు గ్రక్కును. వేదమునందలి సరమను మెచ్చినవారు దీనిని నిందింతురు గాని, వేఁటకాని కన్నుతోఁ జూచినచో నీ రెండవకథయు నమూల్యము. ముక్కు చెడలేదు, కాళ్లు చెడలేదు. కాని తిరిగివచ్చి యున్నదున్నట్లు తెలుపలేని కుక్క కుక్కయే కాదు. జాడ దీసినదాని కంటె జాడ చెప్పినది మేలు.

ఆ సరమయే ఆంధ్రభారతకథ యారంభమునందు మఱల వచ్చును. జనమేజయుని తమ్ములు తన పిల్లను నిష్కారణముగాఁ గొట్టిరని సరమ రాజసభకు వచ్చి, తగినది తగనిది యరయక చేయువారికి ఎదురుచూడని భయము గలుగునని చెప్పిపోయెను. నన్నయభట్టు కథలో రాజునకు వివేకముపదేశించిన తొలినోరు కుక్కనోరు. కుశలశబ్దమును మొదటఁ జర్చించుటకుఁ గారణము చదువరి యిచట గ్రహింపఁగలఁడు.

రాజులు కుక్కను వివేకముకొఱకుఁ బెంచిరా యని యడిగినచో, పెక్కురు పట్టుకొఱకును బ్రదర్శనముకొఱకును బెంచి రని చెప్పవలసియున్నది. అయోధ్యాకాండమున 70వ సర్గమున కేకయరాజు భరతునకు వీడ్కోలు చెప్పుచు నిచ్చిన కానుకలలోఁ గుక్కలు గలవు. అవి యంతఃపురమునఁ బెరిగినవి. పులివంటి బలము గలవి. కోఱలే యాయుధములుగాఁ గలవి. పెద్ద దేహము గలవి. వాల్మీకి వానిని మృగముమీఁదికి విడువలేదు. అవి కానుకలు, కానుక బరువునుబట్టి యెన్నఁబడును. కేకయము వితస్తానదీప్రాంతపు దేశము. ఆ ప్రాంతపు కుక్కల ఖ్యాతి దేశాంతరములకును బాఁకినది. క్రీస్తునకుఁ బూర్వము 5వ శతాబ్దిలో హెరోడోటసు, బాబిలోను మండలాధిపతి హిందూదేశపుఁ గుక్కలను బెంచుచు, వాని పోషణమునకై నాలుగు గ్రామములను దక్కిన పన్నులనుండి మినహాయించె నని వ్రాసెను. క్రీ. పూ. 326 ప్రాంతమున అలెగ్జాండరునకు సోపీథీసు అను రాజు 150 కుక్కల నిచ్చి, వానిలోఁ గొన్నింటిని సింహముపైఁ గొలిపె నని స్ట్రాబోయు డియోడోరసును దెలిపిరి. ఆ రాజు దేశము వితస్తకును అసిక్నికిని నడుమ నున్న దని స్ట్రాబో పేర్కొన్న మతములలో నొకటి.

సింహమును గఱచి పట్టిన యొక కుక్క కాలిని గోయించినను అది పట్టు విడువలేదఁట. ఈ కథను జదివి పాశ్చాత్యులు నేఁటికిని మెచ్చుచుందురు. దీనియందు మెచ్చఁదగిన దేమున్నది? సింహ మడవినుండి రాలేదు. దానిని గుక్క వెదకలేదు. స్వామి పిలిచినను రానేరని పట్టు శౌర్య మగును గాని కౌశలము కాదు. కాలిని గోయించినవాఁడు కుక్క గుణమును బరీక్షించితి ననుకొనెను. తన గుణమునే బయటఁ బెట్టుకొనెను. కల్యాణపురి చాళుక్యచక్రవర్తి సోమేశ్వరుఁడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున నీ భేద మేర్పడియున్నది. ఆతఁడు వినోదవింశతిలో కోడి, లావుకము, పొట్టేలు, దున్న, పావురము వీని వినోదములకుఁ దరువాత సారమేయవినోదమును, దానికి వేఱుగా మృగయావినోదమును జెప్పెను. చూచువారికొఱకుఁ బరుగిడు కుక్క యొక యధ్యాయము. అడవిలోఁ బరుగిడునది వేఱొక యధ్యాయము. సోపీథీసు కుక్కలు మొదటియధ్యాయమునకుఁ జెందినవి.

ఇఁక కావ్యములు. దండి చెప్పిన మహాకావ్యవర్ణనలలో మృగయ లేదు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున దానిని జేర్చెను. లక్షణకారుఁడు చేర్చిన తోడనే వర్ణన విధియైనది. విధి యైనది చూడకయు వ్రాయవచ్చును. మమ్మటుఁడు కవికి వలసిన నిపుణతను జెప్పుచు గజతురగఖడ్గాదుల లక్షణగ్రంథములను జదువు మనెను. ఆ పట్టికలోఁ గుక్క పేరు లేదు. ఆదిశబ్దమున నిముడ్పవచ్చు ననువా రుండవచ్చును. అయినను గుఱ్ఱమునకు శాలిహోత్రమును, ఏనుఁగునకుఁ బాలకాప్యమును గలిగినట్లు కుక్కకు సర్వాదృతమైన శాస్త్రము కవుల చేతిలో లేదు. కాఁబట్టి కుక్కను వర్ణించుచోట కవికి లోకావేక్షణము తప్ప శరణము లేదు. కవి చూచినాఁడా లేదా యని పరీక్షించుటకు గుఱ్ఱముకంటె కుక్కయే మంచి యొఱగల్లు.

కాళిదాసు రఘువంశ నవమసర్గమున దశరథుని వేఁటను వర్ణించెను. రా జడవిఁ జొచ్చుటకు ముందే శ్వగణులును, వలలవారును దానిని జొచ్చి యాక్రమించి రని యాతఁ డొక్క సమాసమునఁ జెప్పెను. శ్వగణముతోఁ దిరుగువానికి ష్ఠన్ ప్రత్యయమును ఠఞ్ ప్రత్యయమును జెప్పిన పాణినిసూత్రము చతుర్థాధ్యాయాంతపాదమునఁ గలదు. కుక్కలమందతోఁ దిరుగుట యొక వృత్తి యని దానివలన సిద్ధము. కాళిదాసు కుక్క జవమును జెప్పలేదు, దంష్ట్రలను జెప్పలేదు. ముందు కుక్కలు, వెనుక రాజు అని క్రమమును మాత్రము చెప్పెను. ఆ క్రమ మెంత ముఖ్యమో సర్గాంతమునఁ దెలియును. దశరథుఁ డొక రురుమృగమును వెంటాడి, తోడివారికిఁ గనఁబడక, యొంటిగుఱ్ఱముతోఁ దమసానదిఁ జేరెను. నీటిలోఁ గుండ నిండు చప్పు డాయెను. ఏనుఁగు ఘీంకార మని తలఁచి శబ్దమునుబట్టి బాణము వేసెను. మునికుమారుఁడు కూలెను. ఈ ఘట్టమును వ్యాఖ్యానించువారు విధిని, శాపమును, వ్యసనదోషమును జెప్పుదురు. అవి యన్నియు నున్నవే. వానితో మఱియొకటి చేర్పవలెను. ముందు నడువవలసిన కుక్క యచట లేదు. చెవి మోసపోవును; కుండచప్పుడునకును ఏనుఁగుచప్పుడునకును భేదము చీఁకటిలో దానికిఁ దెలియదు. ముక్కునకు మనుష్యునికిని ఏనుఁగునకును గల భేదము క్షణమునఁ దెలియును. కాళిదాసు శ్వగణులను మొదటఁ బెట్టి, తుదను దోడివారి నందఱిని వెనుక విడిచినాఁ డనఁగా, వివేకమును వెనుక విడిచిన వేఁట యెట్లు ముగియునో చూపినాఁడు. మృగయావర్ణనము కథకుఁ బనికివచ్చిన స్థలము సంస్కృతవాఙ్మయమున దీనికంటె మేలైనది దుర్లభము.

బాణుఁడు చూచి వ్రాసినవాఁడు. కాదంబరిలో శబరసేనాపతి వెంట వచ్చు కుక్కలను జదివినవారు వానిని మఱవరు. అవి నానావర్ణములు గలవి. అలసటచే నాలుకలు దిగువకు వ్రేలుచున్నవి. ఆ నాలుకలు పొడివైనను సహజమైన యెఱుపుచే లేళ్ల నెత్తురు కార్చుచున్నట్లున్నవి. నోరు తెఱచుటచే పెదవుల మూలలు పైకి లేచి పండ్లు మెఱయుచున్నవి. మెడలయందు గవ్వలపేరులు. దేహముమీఁద ఏకలముల కోఱలు చీల్చిన గంట్లు. పరిమాణమునఁ జిన్నవైనను, బలమున జూలు మొలవని సింగపుఁగొదమలవంటివి. వానితోఁ బెద్దదేహములు గల యాఁడుకుక్కలు. లేళ్లకు వైధవ్యదీక్ష నొసఁగుట వంటి చమత్కారము లున్నవి. అవి బాణుని కలమునుండి యెల్లప్పుడును రాలునవే, వానిఁ దొలఁగించినను జిత్రము చెడదు. కోఱలగంట్లను దొలఁగించినచో జెడును. గంటు గల కుక్క పంది నెదుర్కొన్నది, ఎదుర్కొని బ్రతికినది, బ్రతికి మఱల వేఁటకు వచ్చినది. మూఁడు వేఁటల చరిత్ర యొక్క గంటులో నున్నది. చిన్నదేహ మనుటయు నట్టిదే. కేకయపుఁ గుక్కలను బెద్దవిగాఁ జెప్పుట సులభము; శబరుని కుక్క చిన్నది యనుటకు శబరునితో నడిచి యుండవలెను.

ఆ బాణుఁడే చంద్రాపీడుఁడు వేఁటకు వెడలునపుడు గాడిదలంత కుక్కలను బంగారుగొలుసులతో బట్టి యీడ్చుకొని పోవువారిని వర్ణించెను. అచట గంట్లు లేవు. ఇది కవి మఱపు కాదు. బంగారుగొలుసు రాజకుమారుని వర్ణించును. గవ్వలపేరు కుక్కను వర్ణించును. రెంటిని నొకే కథలో నుంచి, యేది యేదో చెప్పకుండుట బాణుని పెద్దఱికము.

తెలుఁగుప్రబంధములలో మృగయావర్ణనములకుఁ గొఱఁత లేదు. మనుచరిత్ర చతుర్థాశ్వాసమునందలి స్వరోచి వేఁట వానిలో నెల్లరెఱిఁగినది. పెద్దనకు వేఁట మనోరమ యొద్దకు నాయకునిఁ జేర్చు త్రోవ. ఆమె మొఱ వినఁబడిన తోడనే వేఁట వెనుకఁబడును. అది కథానిర్వహణమునఁ దప్పు కాదు. ఆ తరువాతి చిన్నకవులలోఁ బెక్కండ్రు మాత్రము త్రోవను మఱచి వేఁటను నిలిపికొనిరి. వారి జాగిలములు గాలిని మించును, మనస్సును మించును, మెఱుపును మించును. ఒక్కటియు నేలను మూర్కొనదు. అతిశ్వ శబ్దమునఁ గుక్క కొలబద్దయై యుండఁగా, వీరు కొలబద్దకే కొలబద్ద వెదకిరి.

మొఱుగుటనుగూర్చి యొకమాట. మహాభారత మాదిపర్వమున పాండవులు వేఁటకుఁ బోఁగా సామగ్రితో వెంటవచ్చిన యొకని కుక్క విడివడి తిరిగి, కృష్ణాజినము ధరించి మాసిన దేహముతో నున్న యేకలవ్యుని జూచి మొఱిఁగినది. ఆతఁడు దాని నోరు మూఁతపడకముందే యేడు బాణములు నోట నాటెను. అది బాణములతో నిండిన నోటితోఁ బాండవుల కడకుఁ దిరిగిపోయినది. మొఱుగు కుక్క కఱవ దను సామెత లోకమునఁ గలదు. వేఁటలో మొఱుగు కుక్క పట్టదు. తగనిచోట గొంతెత్తుట దాని దోషము. కాని యడవిలో రాజపుత్రులు చూడనిదానిని జూచినది అదియే. దెబ్బతిన్నను స్వామికడకే వచ్చినదియు నదియే. పాండవులు మెచ్చినది శబ్దవేధిత్వమును. దశరథుని బాణమును శబ్దవేధియే. ఒకటి శబ్దమును బట్టి యెఱుఁగని ప్రాణిని జంపినది. ఒకటి శబ్దమును మాత్రము చంపినది. ఏకలవ్యుఁడు నిషాదరాజు హిరణ్యధనువు కుమారుఁడు. కుక్కతోఁ బెరిగిన కులమువాఁడు కుక్కను దండించిన తీరును, కుక్కలను వెనుక విడిచిన రాజు వేఁటాడిన తీరును బ్రక్కప్రక్కను బెట్టి చదువఁదగినవి.

శ్రీరుద్రనమకమును నిత్యము పఠించువారు దాని చతుర్థానువాకాంతమున నమస్కారక్రమ మొకసారి గమనింపవలెను. మొదట మృగయువులకు, పిదప శ్వనులకు, పిదప కుక్కలకు, పిదప కుక్కల యధిపతులకు నమస్కారము. శ్వని యనఁగా కుక్కలను నడుపువాఁడు, మెడత్రాడు పట్టువాఁడు. కుక్కకంటె ముందు త్రాడుపట్టువానికి నమస్కారము చెల్లినది. త్రాటిని విడుచు క్షణమును, మఱలఁ బిలుచు క్షణమును ఎఱిఁగినవాఁ డాతఁడు. కుక్క కౌశలములో సగ మాతనిది. కావ్యములలోఁ గాదంబరి తప్ప నీతనిఁ దలఁచినవి యరుదు.

ఇంతవఱకుఁ జెప్పినవి గ్రంథస్థములు. ఒక ఱాతికుక్కయు నున్నది. కన్నడదేశమున మండ్యమండలమునందలి ఆతకూరులో దొరకి, యిపుడు బెంగుళూరు ప్రదర్శనశాలయం దున్న శిలాశాసనము శకవర్షము 872 నాఁటిది, అనఁగా క్రీ. శ. 949–50. రాష్ట్రకూట మూఁడవ కృష్ణుఁడును గంగరాజు బూతుగుఁడును దక్కోలమున చోళరాజాదిత్యుని జంపిన యుద్ధమున మణలేరుఁ డను వీరుఁడు పరాక్రమించెను. బూతుగుఁడు సంతసించి వరము కోరు మనఁగా ఆతఁడు కాళి యను వేఁటకుక్కను గోరెను. యుద్ధానంతరము వీరులు గ్రామములను గోరుట పరిపాటి. ఈతఁడు కుక్కను గోరెను. ఆ కాళిని కేలలెనాటిలో బేలతూరుకొండ పడమటి ప్రక్క నొక పెద్ద యేకలముపై విడువఁగా, కుక్కయుఁ బందియు నొండొంటితోఁ బెనఁగి రెండును జచ్చినవి. మణలేరుఁడు ఆతకూరున చల్లేశ్వరాలయము నెదుట శిలను నాటించి, దాని పూజకై భూమి నిచ్చెను. శిలపైఁ గుక్కయుఁ బందియుఁ బోరు చిత్రము చెక్కఁబడియున్నది.

వైయాకరణున కీ శిల కాశికకు వ్యాఖ్యానమువలెఁ దోఁచును. అతిశ్వమైన వరాహ మచట నున్నది. అతిశ్వుఁడైన సేవకుఁ డచట నున్నాఁడు. శునోదంతాది వార్తికముచే దీర్ఘము వచ్చు శ్వావరాహ మను సమాసమును ఱాతిలో నున్నది. నీచమైన సేవ యను మూఁడవయుదాహరణము మాత్ర మచట లేదు. స్వామిసేవ చేసిన భటుఁడు తనకు సేవచేసిన కుక్కకుఁ బూజ యేర్పఱచెను. ఆ భక్తిని బయటినుండి చూచి దాస్య మను వాఁ డా యాలయము నెదుట నిలువలేఁడు. శాసనకవి కాళి వేగమును జెప్పలేదు, రంగును జెప్పలేదు, చెవులను జెప్పలేదు. పంది పెద్ద దనియు, రెండును గలిసి చచ్చిన వనియుఁ జెప్పెను. తుదిపట్టునఁ బిలిచినఁ గాళి పంది నుండి తిరిగివచ్చి యుండునా యని విమర్శకుఁ డడుగవచ్చును. సోపీథీసు కుక్కకును దీనికిని భేద మేమి యనవచ్చును. భేదము స్వామియందుఁ గలదు. అచట పట్టును జూచుటకై కాలు గోయించినవాఁడు; ఇచట పట్టు విడువక చచ్చినదానికై భూమి యిచ్చినవాఁడు.

ఆ శాసనాంతమున నొక నియమము కలదు. ఆ స్థానము నేలు గొరవఁడు ఆ శిలను బూజింపక భుజించినచో, కుక్క చేసిన పాపమును బొందు నని. మనువు మృగయను గామజవ్యసనములలో మొదటఁ జెప్పెను. శాసనము వ్రాయించినవాఁ డది యెఱుఁగనివాఁడు కాఁడు. కుక్క చేసినది పాప మనియే వ్రాయించెను. దానికిఁ బూజ నియమించెను. పూజ మానినవాని తలపై నా పాపమును మోపెను.